ధూమపానకథలు — ప్రసిద్ధపురుషులు

నిప్పు లేనిదే పొగ పుట్టదని లోకోక్తి. ప్రసిద్ధపురుషులను గూర్చిన వింతకథలను విమర్శకుఁ డెవ్వఁడైన శంకించినప్పుడెల్ల నా కథలను నమ్మినవారీ లోకోక్తినే యడ్డము పెట్టుదురు. కథ యంతయు నిజము గాకున్నను లోపల నిజమను నిప్పుకణ మొకటి యుండి తీరవలెనని వారి వాదము. తార్కికులు దీని నంత సులభముగా నంగీకరింపరు. పొగను జూచి నిప్పు నూహింపవచ్చును గాని, కనఁబడినది పొగయే యని ముందుగా స్థిరపడవలెను. మంచునో ధూళినో చూచి పొగ యనుకొన్నవాఁడు కొండమీఁద నగ్ని కలదని పరువెత్తి యూరక తిరిగివచ్చును. వాఙ్మయచరిత్రమునం దిట్టి వృథాప్రయాణములు తక్కువ గావు.

ఈ విషయమును బరీక్షించుటకుఁ బొగకంటె మేలైన యుదాహరణము దొరకదు. పొగాకును, ముఖ్యముగాఁ జుట్టను, గొప్పవారితోఁ గలిపి చెప్పెడు హాస్యకథలు ఐరోపా, అమెరికా ఖండములందుఁ గోకొల్లలు. వానిలోఁ బెక్కులు కల్పితములు. కొన్ని సగము కల్పితములు. ఒకటి రెండు మాత్రము నిజములై యుండియుఁ గల్పితములకంటె వింతగా నున్నవి. ఇవి యెట్లు పుట్టినవి, యెవరి పేరు విడిచి యెవరి పేరికిఁ జేరినవి యను విచారము తెలుఁగు పండితులకు దూరమైనది గాదు. శ్రీనాథుని జీవితములో నింత భాగము, తెనాలి రామకృష్ణుని జీవితములో నంతకంటె నెక్కువ భాగము, చాటుపద్యములమీఁదను జెప్పుకోలు కథలమీఁదను గట్టఁబడినవే గదా! అచ్చటఁ బ్రయోగింపవలసిన గీటురాయిని ముందిచ్చటఁ బరీక్షించి చూచుట మేలు.

చుట్ట యనునది చుట్టు ధాతువునుండి పుట్టిన తెలుఁగుమాట. తమిళులు చురుట్టు అందురు. ఆంగ్లేయుల చెరూటు ఈ చురుట్టే. సిగారు శబ్దము స్పెయినుభాషనుండి వచ్చినది. దాని మూలము మధ్యామెరికాలోని మాయాభాష యని పలువురి మతము. 1492 నవంబరులోఁ గొలంబసు మనుష్యులు క్యూబాద్వీపమున జనులు ఆకులు చుట్టి కాల్చి పొగ పీల్చుటను జూచిరి. పాతప్రపంచమునకుఁ బొగాకుతోడి పరిచయ మంతకుముందు లేదు. ఈ సంవత్సర మొక్కటి జ్ఞాపకమున్నఁ జాలును. పెక్కు కథల బండారము దానంతటనే బయటఁబడును.

ఇంగ్లండులో నీ కథలకు నాయకుఁడు సర్ వాల్టరు ర్యాలీ. ఎలిజబెత్తు రాణి కొలువునఁ బ్రసిద్ధుఁడై, జేమ్సురాజు కాలమున 1618 అక్టోబరు 29వ తేదీని శిరశ్ఛేదము నొందిన యీతని పేరు వినఁగానే రెండు కథలు జ్ఞప్తికి వచ్చును. మొదటిది యిది. ఈతఁడు తన గదిలోఁ గూర్చుండి గొట్టముతోఁ బొగ త్రాగుచుండఁగా, సేవకుఁ డొకఁడు పానీయపాత్రముతో లోపలికి వచ్చి, దొర నోటనుండి వెడలు పొగను జూచి, యాయన కడుపులో నిప్పంటుకొన్నదని తలఁచి, చేతనున్నదానిని నెత్తిపైఁ గ్రుమ్మరించెనఁట. పాపము! సేవకుఁడు గౌతమసూత్రములు చదువకపోయినను ననుమానప్రమాణమును సక్రమముగానే ప్రయోగించినాఁడు. వ్యాప్తి చెడలేదు. పొగ యున్నది, నిప్పును నున్నది; ఆ నిప్పున్న చోటొక్కటే తప్పినది.

కథ చక్కఁగా నున్నది గాని, ర్యాలీ జీవించియున్న కాలమున దీని నాతనిపైఁ జెప్పినవారు కానరారు. ఇది యాతని పేరిట నచ్చులోఁ గనఁబడునది పదునెనిమిదవ శతాబ్దారంభమున, ననఁగా నాతఁడు మరణించిన సుమారు తొంబదియేండ్లకు. అంతకుముందీ కథ యెచ్చట నుండెను? ఎలిజబెత్తు రాణి మెచ్చిన హాస్యనటుఁడు రిచ్చర్డు టార్ల్టను 1588లో మరణించెను. ఆతని పేరిట నచ్చైన హాస్యోక్తుల సంపుటమునం దీ కథ కలదు. అందు సేవకుఁడు లేఁడు. మద్యము త్రాగి మైమఱచిన యిద్దఱు మనుష్యులు టార్ల్టను ముక్కునుండి పొగ వచ్చుట చూచి, నిప్పు నిప్పని కేకలు వేసి, చేతిలోని ద్రాక్షసారాయము నాతని మొగమునఁ జల్లిరి. తరువాత 1619లో బార్నబీ రిచ్చి యను రచయిత యిదే కథను వేఱొక విధమునఁ జెప్పెను. అందుఁ బొగ త్రాగినవానికిఁ బేరు లేదు, చల్లినవాఁడు క్రొత్తగా లండనుపట్టణమునకు వచ్చిన వేల్సుదేశపు మనుష్యుఁడు, చల్లినది బీరు. ఆ కాలపు లండనువారికి వేల్సువారి పల్లెటూరితనమును బరిహసించుట వేడుక. విదూషకునితోఁ బుట్టిన కథ పేరులేనివాని యింటఁ గొంతకాలము దాఁగియుండి, తుదకు వీరపురుషుని యింటఁ జేరి స్థిరపడినది. అచ్చటికిఁ జేరిన తరువాత మరలఁ గదలలేదు.

కదలకపోవుటకుఁ గారణము స్పష్టము. పొగాకనఁగానే ర్యాలీ పేరు చెప్పుట యాంగ్లేయుల కలవాటు. నిజమునకుఁ బొగాకు నింగ్లండునకుఁ దెచ్చినవాఁ డీతఁడు గాఁడు. 1565 ప్రాంతముననే హాకిన్సు నౌకలవారు దానిని దెచ్చిరి. వర్జీనియాయందు వలస నెలకొల్పుటకు ధనమిచ్చి మనుష్యులను బంపినవాఁడే గాని, ర్యాలీ యా దేశమున నెన్నఁడును గాలు పెట్టలేదు. ఆతఁడు పంపిన టామసు హారియటు 1588లోఁ బ్రకటించిన గ్రంథమునం దచ్చటి జనులు పొగాకు త్రాగు విధమును వర్ణించెను. పొగ త్రాగుట కొలువుకూటములోఁ గులీనుల వేడుకగాఁ జేసినది మాత్రము ర్యాలీయే. వేడుకకుఁ బ్రవర్తకుఁ డెవ్వఁడో వింతకథ లన్నియు వానికే చెల్లును. మనకును నొక శృంగారచాటువు దొరికి కర్త తెలియకున్నచో శ్రీనాథునకే కట్టుట యలవాటు గదా!

రెండవ కథ మఱింత చమత్కారమైనది. ర్యాలీ రాణితోఁ బందెము వేసి, తాను త్రాగెడు పొగ యెంత బరువో తూఁచి చెప్పెదననెనఁట. రాణి యది యసాధ్యమనెను. ర్యాలీ పొగాకును దూఁచి, కాల్చి, మిగిలిన బూడిదను దూఁచి, రెండింటి భేదమే పొగ బరువని నిరూపించెను. రాణి నవ్వి పందెపు సొమ్ము చెల్లించుచు, బంగారమును బొగగా మార్చినవారిని బెక్కండ్రను జూచితిని గాని పొగను బంగారముగా మార్చినవాఁడవు నీవే యనెనని కథకు ముగింపు. పదునేడవ శతాబ్దమున జేమ్సు హోవెలు తన లేఖలలో నీ పందెమును బేర్కొనెను.

ఇఁక గ్రీకుభాషాపండితు లేమందురో చూడవలెను. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దమున లూషియను అను గ్రీకు రచయిత డెమోనాక్సు అను తత్త్వజ్ఞుని చరిత్రము వ్రాసెను. ఎవ్వఁడో యా తత్త్వజ్ఞుని సమీపించి, వేయి మినాల కట్టెలు కాల్చినచో నెన్ని మినాల పొగ వచ్చునని పరిహాసముగా నడిగెను. బూడిదను దూఁచుము, మిగిలినదంతయుఁ బొగయే యని డెమోనాక్సు బదులిచ్చెను. ర్యాలీ పందెమున కిదియే మూలము. పొగాకు ఐరోపాలోఁ బుట్టకమునుపు పదుమూఁడు శతాబ్దముల క్రిందనే పొగాకు కథ సిద్ధమై యున్నదన్నమాట! కట్టెలు పోయి పొగాకు వచ్చెను. తత్త్వజ్ఞుఁడు పోయి దొర వచ్చెను. ప్రశ్నించిన యనామకుఁడు పోయి రాణి వచ్చెను. లూషియనును జదివిన విద్వాంసుఁ డెవ్వఁడో దీని నింగ్లీషువేషముతో నిలిపి యుండును. పామరులే కథలు కల్పింతురను తలంపు సరికాదు. చదువుకొన్నవారి కల్పనలే యెక్కువకాలము నిలుచును, ఏలయన వానికి మూలము దొరకఁబుచ్చుకొనుట కష్టము.

మఱియు నీ తూఁకము శాస్త్రమునకు నిలువదు. వస్తువు కాలునపుడు గాలిలోని యామ్లజని దానితోఁ గలియునని పదునెనిమిదవ శతాబ్దమున లవాయిజియే నిరూపించెను. అందుచేఁ బొగ బరువు ర్యాలీ లెక్కకంటె నెక్కువ. రాణి చెల్లించిన పందెము కథలోఁ జెల్లినను గాటాపైఁ జెల్లదు.

మన దేశమునకుఁ బొగాకును దెచ్చినవారు పోర్చుగీసువారు. అసదుబేగు బిజాపురమునుండి దానిని గొనిపోయి, 1604-05 ప్రాంతమున నక్బరు చక్రవర్తి యెదుట నుంచెను. వైద్యులు వలదనుచుండఁగా నక్బరు రెండు మూఁడు మాఱులు పొగఁ బీల్చెనని యసదుబేగే వ్రాసినాఁడు. 1617లో జహంగీరు పొగ త్రాగుటను నిషేధించెను. తన రాయబారి ఖాన్ ఆలము పారసీకమునకుఁ బోయి, యచ్చట షా అబ్బాసు కూడఁ బొగాకును నిషేధించియుండఁగా, దానిని విడువలేక పడిన యవస్థను జహంగీరు స్వీయచరిత్రమున హాస్యముగాఁ దెలిపెను. ఇది చూచినవారు వ్రాసినది. ఆ షా అబ్బాసే సభికుల గొట్టములలోఁ బొగాకునకు మాఱుగా నెండిన గుఱ్ఱపులద్దె నింపించి, యెట్లున్నదని యడుగఁగా వారందఱు నమోఘమని పొగడిరను కథ యొకటి కలదు. ఇది మాత్రము రాజసభలున్న ప్రతిదేశమునఁ బుట్టఁదగిన కథ. రాజు పేరును వస్తువు పేరును మార్చినచో నేయూరి కాయూరు దీనిని దనదే యనుకొనవచ్చును.

సంస్కృతపండితులును దక్కువ తినలేదు. వారు చక్రవర్తులను విడిచి దేవతలనే పట్టిరి. ఇంద్రుఁడు బ్రహ్మను సమీపించి, భూలోకమున సారభూతమైన వస్తు వేదియని ప్రశ్నింపఁగా, బ్రహ్మ నాలుగు మొగములతోను దమాఖునామమునే పలికెనని భుజంగప్రయాతమున నొక చాటుశ్లోకము కలదు. ఇందలి రహస్యము భక్తిలో లేదు, ఛందస్సులో నున్నది. విసర్గముతోఁ గూడిన తమాఖుశబ్దము లఘువొకటి, గురువులు రెండు, అనఁగా యగణము. భుజంగప్రయాతపాదమునకు యగణములు నాలుగు. నాలుగు మొగములు నాలుగు మాఱులు పలికినచోఁ బాదము దానంతటఁ బూర్ణమగును. కవికిఁ బాదపూరణమునకుఁ జతుర్ముఖుఁడు సాయపడెను. పంచముఖుఁడైన శివు నడిగియుండినచో వృత్తమే చెడెడిది.

ఇంకొక శ్లోకము దీనికి విరోధి. అందు నొకే యర్ధము రెండు మాఱులు చదువఁబడును, రాజును సంబోధించును. మొదటిమాఱు తమాఖుపత్రము పొగాకే. మా యనునది నిషేధార్థకము. దానితో నజ్ఞానపదము సవర్ణదీర్ఘమును బొందినది. అజ్ఞానము నిచ్చు పొగాకును సేవింపకు మని తాత్పర్యము. రెండవమాఱు పదచ్ఛేదము వేఱు. తం ఆఖుపత్రం అని విడఁదీయవలెను. ఆఖు వనఁగా నెలుక. పత్రశబ్దమునకు వాహనార్థము కోశసిద్ధము. మా యనఁగా లక్ష్మి. ఎలుక వాహనముగాఁ గల, సంపదను జ్ఞానమును నిచ్చు నా విఘ్నేశ్వరుని భజింపు మని యర్థము. విదేశమునుండి వచ్చిన మ్లేచ్ఛశబ్దమును వ్యాకరణమను గంగలో ముంచి గణపతినిగాఁ జేసిన నేర్పు మెచ్చఁదగినదే. ఈ శ్లోకముల కర్త లెవ్వరో తెలియదు. అయినను వానికిఁ గాలము కొంతవఱకుఁ జెప్పవచ్చును: పదునాఱవ శతాబ్దమునకుఁ బూర్వపువి గావు. కాళిదాసునకో భోజునకో యెవ్వఁడైన నంటఁగట్టినచో శైలీవిచారముతోఁ బనిలేదు. పొగాకే సాక్ష్యము చెప్పును.

శ్రీనాథుని కాలము పదునాలుగు పదునేనవ శతాబ్దములు. శ్రీకృష్ణదేవరాయల రాజ్యకాలము 1509 నుండి 1529 వఱకు. ఈ కాలపు కవుల పేరిటఁ జుట్టనో నస్యమునో ప్రశంసించు పద్య మేదైన వినఁబడినచో, నది తరువాతివాని కల్పన యని నిస్సంశయముగాఁ జెప్పవచ్చును. చిక్కెక్కడ ననఁగా, కల్పితచాటువు లన్నింటను బొగాకుండదు. పొగాకున్న కల్పన పట్టుపడును; తాంబూలమున్న కల్పన తప్పించుకొనును. తాంబూల మెల్ల కాలములందును గలదు గదా. ఒక యుగమునఁ జూపెట్టరాని వస్తువు లేకపోవుటచేతనే పద్యము ప్రాచీనమని నమ్మువారు, పట్టుపడని దొంగను దొరయని యెంచినట్లగును. కవిచరిత్రములు వ్రాయువారు చాటువును బ్రమాణముగాఁ గొన్నపుడెల్ల, దాని నా కవి పేరిట మొట్టమొదట వ్రాసినవాఁ డెవ్వఁడు, ఏ సంవత్సరమున, అను ప్రశ్నకు బదులు చెప్పితీరవలెను. ర్యాలీ సేవకుని కథను బట్టి యిచ్చినది యా ప్రశ్నయే.

తెలుఁగున గరుడుఁ డమృతము దెచ్చునపుడు చుక్క యొకటి నేలఁబడి పొగచెట్టుగాఁ బుట్టెనను పద్యము పామరపండితులకుఁ బరిచితమే. గురజాడ అప్పారావు 1897లోఁ బ్రకటించి 1909లోఁ బెంచి సంస్కరించిన కన్యాశుల్కమున గిరీశము చుట్టకుఁ బురాణప్రామాణ్యము గల్పించి శిష్యుని బోల్తాకొట్టించును. నాటకకర్త యిచ్చటఁ గల్పితకథను గల్పితకథగానే చూపెను, నమ్మినవాఁడు వెంకటేశము. పండితుఁడు మాత్రము వెంకటేశ మగుటకు వీలులేదు.

ఇంతవఱకుఁ జెప్పినవి యితరులు కల్పించినవి. నాయకుఁడే కథకుఁడైనచో విమర్శకుని పని మఱింత కష్టము. జర్మనీప్రధాని బిస్మార్కు చుట్టలకుఁ బ్రసిద్ధుఁడు. 1870లో ఫ్రాన్సుతో యుద్ధము జరుగునపుడు తన పరివారముతోఁ దాను ముచ్చటించినవానిని మోరిట్జు బుష్షు వ్రాసియుంచెను. అందొకటి ఫ్రాంకుఫర్టు సభాకథ. 1851 తరువాత బిస్మార్కు ప్రష్యా ప్రతినిధిగా నచ్చట నుండెను. సంఘసమావేశములలో నాస్ట్రియా ప్రతినిధి యొక్కఁడే చుట్ట కాల్చుట యాచారము. అది యధ్యక్షుని గౌరవచిహ్నముగా నుండెను. ఒకనాఁడు బిస్మార్కు తానును జుట్ట దీసి, యా యధ్యక్షునే నిప్పడిగెను. సభ స్తంభించెను. తరువాత నితరరాజ్యముల ప్రతినిధులు, తమ రాజ్యమేమి తక్కువ యని, యొక్కరొక్కరే కాల్చ నారంభించిరి. అలవాటు లేనివాఁ డొకఁడు కూడ స్వదేశగౌరవార్థము దుఃఖముతోఁ జుట్ట ముగించెనఁట. రాజ్యముల సమత్వమునకై జరిగిన పోరాటమును జుట్టతో నింత చక్కఁగాఁ జెప్పిన చరిత్రకారుఁడు లేఁడు. చక్కఁగా నుండుటయే యిచ్చట శంకకుఁ గారణము. ప్రష్యాకు జయము దొరికిన తరువాత, జయించినవాఁడు భోజనపంక్తిలోఁ జెప్పినది యిది.

1866 జూలై 3వ తేదీని జరిగిన క్యోనిగ్రాట్జు యుద్ధమును గూర్చి బిస్మార్కు చుట్టకథలు రెండు. ఫలితము తెలియక తాను కలఁతపడుచుండి సేనాని మోల్ట్కేకుఁ జుట్టలపెట్టె చాఁపఁగా, మోల్ట్కే తొందరలేక వానిని బరిశీలించి మేలైనదానినే యేఱుకొనెను. అంత నిమ్మళముగా నేఱుకొన్నవాని యుద్ధము చెడదని తాను ధైర్యము దెచ్చుకొనెనని యొకటి. జయము తరువాతఁ గాల్చుటకని దాఁచుకొన్న కడపటి చుట్టను, గాయపడి పడియున్న యొక భటుని నోట వెలిగించి పెట్టెననియుఁ, దాను గాల్చని యా చుట్టవంటి రుచి మఱెందును గనలేదనియు మఱొకటి. రెండును నిజమే యైనచో నొక చిన్న సందేహము. మేలైనది మోల్ట్కే తీసికొనెను గదా; కడకు మిగిలినది యెట్టిదై యుండును? ఆ త్యాగ మంత కఠినమైనది గాదేమో!

ఏడవ ఎడ్వర్డును గూర్చిన కథ మాటలో ముగియును. విక్టోరియారాణికిఁ బొగ గిట్టదు. 1901 జనవరి 22వ తేదీని నామె మరణించిన పిమ్మటఁ గ్రొత్తరాజు విందులో నిలువఁబడి, అయ్యలారా, ఇఁక మీరు చుట్టలు కాల్చుకొనవచ్చుననెనఁట. ఒక యుగము మాఱుటను నొక్క వాక్యమునఁ జెప్పవలసినవాఁ డెవ్వఁడో యిది చెప్పి రాజు నోటఁ బెట్టి యుండవచ్చును.

వినుస్టను చర్చిలు కథ మనకు దగ్గఱిది. ఆయన 1895లోఁ గ్యూబాకుఁ బోయెను. 1896లో నాశ్వికదళోద్యోగియై బెంగుళూరునకు వచ్చెను. జీవితమంతయు హవానాచుట్టలు కాల్చెను. అయినను దిరుచిరాపల్లిలోని ఉఱైయూరు చుట్టలనే యాయన కోరి తెప్పించుకొనెనని దక్షిణదేశమునఁ జెప్పుకొందురు. తిరుచిరాపల్లిచుట్ట విలాతియందుఁ బ్రసిద్ధమే. 1887లో వెలువడిన షెర్లాకు హోమ్సు మొదటికథలో నపరాధపరిశోధకుఁడు బూడిదను జూచియే యా చుట్టను గుర్తించును. గోదావరి వఱదలు విడిచిన యొండ్రుమట్టిలోఁ బండు లంకపొగాకునకును దక్షిణమున మంచిపేరు. చర్చిలు సాక్ష్యము లేకున్న నీ చుట్టలకు వచ్చిన లోపమేమి? దొర నోటఁ బెట్టినఁ గాని మన చుట్టకు విలువ లేదను దైన్యమే యీ కథను బోషించుచున్నది. కళింగతీరపు స్త్రీలు నిప్పుకొన లోపలికిఁ బెట్టుకొని కాల్చెడు నడ్డచుట్ట ప్రపంచమునఁ జాల యరుదైన యాచారము. దానివలన నంగిటికిఁ గలుగు వ్రణములను వైద్యులు పరిశోధించిరి. ఆ స్త్రీలను గూర్చి కథ యొకటియుఁ బుట్టలేదు. వారికిఁ బేరు లేదు.

మనస్తత్త్వశాస్త్రజ్ఞుఁడు ఫ్రాయిడు పేరిటఁ బ్రచారములో నున్న మాట యందఱును విన్నదే. ప్రతివస్తువును గూఢార్థసంకేతముగాఁ జూచునట్టి యాయనను శిష్యుఁ డెవ్వఁడో నీ చేతిలోని చుట్టకు నర్థమేమని యడుగఁగా, ఒక్కొక్కప్పుడు చుట్ట కేవలము చుట్టయే యని బదులిచ్చెనఁట. ఆయన గ్రంథములలోఁ గాని, లేఖలలోఁ గాని యీ మాట లేదు. 1939 సెప్టెంబరు 23వ తేదీని నాయన మరణించెను. మాట యచ్చులోఁ గనఁబడునది యంతకుఁ బదియేండ్ల తరువాత. దీనియందలి క్రూరత్వమును బరిశీలించినవారు తక్కువ. 1923లో నాయన యంగిటఁ గ్యాన్సరు కనఁబడెను. ముప్పదికిఁ బైగా శస్త్రచికిత్సలు జరిగెను. వైద్యులు వలదన్నను జుట్ట మానలేకపోయెను. ఆయనకుఁ జుట్ట కేవలము చుట్ట యైన దినము లేదు. కల్పితవాక్యము నవ్వించి, నిజమైన వ్యథను మఱపించినది.

కల్పన యింతటితో నాఁగక మనుష్యునే మార్చిన యుదాహరణము యులిసెస్సు గ్రాంటుది. అమెరికా యంతర్యుద్ధమున 1862 ఫిబ్రవరిలో డోనెల్సను దుర్గముకడ నీతఁడు సేనాపతి. గాయపడిన నౌకాధిపతి ఫుటును జూడఁబోఁగా నాయన యొక చుట్ట యిచ్చెను. తిరిగివచ్చునప్పటికి శత్రువులు పైఁబడిరి. గ్రాంటు యుద్ధమంతయు నా చుట్ట చేతఁ బట్టుకొనియే నడపెను. పత్రికలవా రీ వార్తను వ్రాసిరి. చుట్ట నోటఁ బెట్టుకొని నిశ్చింతముగా దుర్గమును జయించిన వీరుఁడను మూర్తి జనుల మనసులలో నిలిచెను. అంతకుముందు గ్రాంటు పొగ త్రాగుట చాల తక్కువ. దేశము నలుమూలలనుండియు నాతనికిఁ జుట్టలపెట్టెలు రాసాగెను. పదివేలవఱకు వచ్చెనని యాతఁడే చెప్పినట్లు హోరేసు పోర్టరు వ్రాసెను. పంచిపెట్టఁగలిగినన్ని పంచిపెట్టెను, మిగిలినవానిని దానే కాల్చెను, అలవాటు స్థిరపడెను. పత్రికలలోని వీరునకుఁ దగినట్లుగా నిజపురుషుఁడు మాఱవలసివచ్చెను.

1884లో గ్రాంటు గొంతున వ్రణము కనఁబడెను. అప్పటికే ధనవ్యవహారములలో మోసపోయి నిరుపేద యయ్యెను. కుటుంబమునకై స్వీయచరిత్రము వ్రాయుటకుఁ బూనెను. దానిని బ్రకటించిన సంస్థ మార్కు ట్వేను స్థాపించినది. చుట్ట మానుట చాల సులభము, వేయిమాఱులు మానితిని, అను హాస్యోక్తి నీ ట్వేనునకే జనులు తరువాతఁ గట్టిరి. అదియు నాతని గ్రంథములలోఁ గానరాదు. గ్రాంటు మాట పెగలని స్థితిలోఁ జీటీలపై వ్రాసి చూపుచు గ్రంథమును ముగించి, 1885 జూలై 23వ తేదీని గన్నుమూసెను. మఱుసటి సంవత్సరము ఫిబ్రవరిలో నాతని భార్యకు రెండు లక్షల డాలర్ల చెక్కు ముట్టెను.

ఈ కథకును సాక్షి పోర్టరొక్కఁడే గదా యని యాక్షేపింపవచ్చును. 1962లోఁ గ్యూబా వస్తువులపై నిషేధమును సంతకము చేయుటకు ముందు కెన్నెడీ తనకొఱకుఁ బండ్రెండువందల చుట్టలు తెప్పించుకొనెనను కథకును సాక్షి పియర్ సాలింజ రొక్కఁడే. ఆయన దానిని ముప్పదియేండ్లకుఁ బిమ్మటఁ బ్రకటించెను. రెండింటికిని భేదము కలదు. సాలింజరు కథలో నాయకుఁడు చమత్కారి; విన్నవాఁడు నవ్వును; కథకునకు మెప్పు వచ్చును. గ్రాంటు తనను గూర్చి తాను జెప్పుకొన్నది మెప్పు తెచ్చునది గాదు. లోకము తనయందు మెచ్చిన చిహ్నము లోకమే తన చేతఁ బెట్టినదని యొప్పుకొనుట. పోర్టరా మాటలను 1864లో యుద్ధశిబిరమున విని, 1897లోఁ దన గ్రంథమునఁ బ్రకటించెను.